పన్నెండో తీగ

ధర్మవరంలో నీలావతి మగ్గం ఎక్కితే సాలీడు కూడా సిగ్గుపడి గూడు విప్పుకునేది. అంత పనిమంతురాలికి 2003లో కొత్త పిచ్చి పట్టింది. పట్టుదారం తీసే మిషన్లు బిగించడానికి హిందూపురం వచ్చిన కొరియా ఇంజనీరు భార్య దగ్గర గయాగుమ్ అనే వాయిద్యం నేర్చుకోవడానికి పోయేది. మనిషంత పొడుగు చెక్క, దాని మీద పన్నెండు పట్టు తీగలు. కుడిచేత్తో మీటి ఎడమచేత్తో అదిమితే స్వరం ఏడుస్తుంది. ఆ ఏడుపు పెనుకొండ కోట దాకా వినబడేదంటే నమ్మండి.

తప్పు మీటితే గురువమ్మ తన చల్లటి వేళ్ళు నీలావతి వేళ్ళ మీద పెట్టి, మళ్ళీ వాయించమని తనకొచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట అనేది.

"మల్లా."

గురువమ్మకు జబ్బు చేసింది. వాయిద్యాన్ని నీలావతికి అప్పగిస్తూ, తీగల చివర చుట్టి ఉన్న మిగులు పట్టును చూపించింది. తీగ తెగితే అదే ఆధారం, ముట్టొద్దని సైగ చేసింది.

నీలావతి ముట్టింది. కదిరి జయమ్మ కూతురి పెళ్ళిచీరకు అంచులో పట్టు చాలలేదు. పట్టు పట్టే గదా అనుకుని, పన్నెండో తీగ మిగులు కోసి, పురి విప్పి, ఎర్రరంగు వేసి నేసేసింది. మూడోనాడు ఆ తీగే తెగింది.

అదే రోజు ఇంజనీరు డ్రైవరు నరసింహులు వచ్చాడు.

"అక్కా, ఆయమ్మ నీ చేత ఒక్క పాట వినల్లంటాండాది. రా."

"జొరమబ్బా. రేపొస్తా."

లేని జ్వరానికి మూడు దుప్పట్లు కప్పుకుంది నీలావతి. రేపటికి గురువమ్మ లేదు.

నెల తర్వాత జయమ్మ ఆ చీర తెచ్చి మగ్గం మీద పడేసింది. "ఏం నేసిస్తివే నీలావతీ? కుచ్చిళ్ళు పోస్తే మూలుగుతాది. పిల్ల కట్టనంటాది." అని వెళ్ళిపోయింది.

మిట్టమధ్యాహ్నం. బువ్వ వేళకు వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. గదిలోకి మందుల వాసన వచ్చింది... హిందూపురంలో ఆ జబ్బుగది వాసన.

టంగ్...

చీరలోంచి.

"అబద్ధం చెప్పినానమ్మా," నీలావతి గొణిగింది. అంచును ఎడమచేత్తో అదిమింది.

కింద నుంచి చల్లటి వేళ్ళు తిరిగి అదిమాయి.

"మల్లా."

తీగ తెగిన గయాగుమ్‌నే ఒళ్ళోకి తీసుకుని, ఆ రోజు గురువమ్మకు వినిపించని పాట వాయించింది. తప్పినచోటల్లా వేళ్ళు చల్లబడ్డాయి. మళ్ళీ... మళ్ళీ... పొద్దు వాలింది. పాట ఒక్క తప్పు లేకుండా ముగిసింది.

అప్పుడు చూసింది. పన్నెండో తీగ ఉంది. ఎర్రగా. ముడితే ఆ వేళ్ళంత చల్లగా.

చీర అంచు తడిమింది. ఒక్క పోగు కూడా తగ్గలేదు.