డొల్ల చప్పుడు

నవంబరు పదహారు, శనివారం. తెల్లవారితే ఆదివారం. రాత్రి రెండుంపావు.

ఎప్పుడు చెప్పినా పిన్ని ఆ టైముని ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ చెయ్యదు. భయపడేముందు గడియారం చూసుకున్న మనిషి ఆవిడ. ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. నా సొంతం ఏమీ కలపడం లేదు.

ఆ ఇంటికి ముందునుంచీ చెడ్డపేరే. వీధిలో అందరూ దాన్ని ‘కొట్టే ఇల్లు’ అనేవారు. అది ఎవర్నీ కొట్టింది లేదు. రాత్రిళ్ళు వెనక గదిలో ఎవరో తడుతున్నట్టు చప్పుడు... అంతే. ఇరవై ఏళ్ళలో ఆరు కుటుంబాలు అద్దెకొచ్చి, ఆరూ ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. ఆ చప్పుడు ఎందుకని మాత్రం ఒక్కరూ అడగలేదు — అడగాలంటే ముందు ఆగాలి కదా.

బాబాయి ఆ ఇల్లు కొన్నాడు. ధైర్యం ఉండి కాదు, ఆ ధరకి ఇంకోటి దొరక్క.

పిన్నికి అప్పుడు ఏడో నెల. ఉన్నదంతా ఇల్లు కొనడానికే ఊడ్చిపెట్టాక, మరమ్మతులకి మిగిలింది ఎంతో బాబాయి ఒక కాగితం మీద రాసుకున్నాడు. అది దాటి మేకు కూడా కొనేది లేదన్నాడు. తలుపులు ఎక్కడో పడగొట్టిన ఇంటివి. టైల్స్ అంచులు చెక్కుకుపోయాయని కొట్టువాడు పక్కన పడేసినవి. రంగు వీధి వైపు గోడకి మాత్రమే. పైకప్పుకి సున్నంతో సరి. అద్దె కలిసొస్తుందని పాత వాటా కూడా వదిలేసి వచ్చి, ముందు గదిలో సిమెంటు బస్తాల మధ్య మంచం వేసుకున్నారు.

అంటే వెనక్కి వెళ్దామన్నా చోటు లేదు. కాన్పు నాటికి ఆ వెనక గది ఒక్కటైనా తయారవ్వాలి. పసిబిడ్డని పడుకోబెట్టడానికి గాలీ వెలుతురూ ఉన్న గది ఆ ఇంట్లో అదొక్కటే.

దెయ్యం మాట ఎవరైనా ఎత్తితే, ఉంటే ఉండనీ, అద్దె అడగదుగా అనేవాడట బాబాయి.

పనికి కుదిరినాయన తాపీ పనీ, టైల్స్ పనీ రెండూ చేస్తాడు. ఆయన్ని ‘అద్దం మేస్త్రి’ అనేవారు. తను పరిచిన నేల అద్దంలా ఉంటుందని తనే అందరికీ చెప్పుకోగా వచ్చిన పేరది. వచ్చిన రోజే తల పైకెత్తి ఒక్క చూపు చూసి, స్లాబు రాయిలా ఉందమ్మా, దాని జోలికి పోనక్కర్లేదు అని తేల్చేశాడు. బాబాయికి ఆ మాట చెవిలో తేనె పోసినట్టయింది.

శనివారం సాయంత్రానికి వెనక గది నేల పూర్తయింది. నిజంగానే అద్దంలా ఉంది.

ఆ రాత్రి... రెండుంపావుకి...

టక్.

పిన్ని కళ్ళు తెరిచింది. వెనక గది తలుపు వేసే ఉంది.

టక్. టక్. టక్...

గోడవార మొదలై, ఒక్కొక్క అడుగూ ముందుకి వస్తోంది. తొందరేం లేదు. ఇంకో టక్. ఇంకో టక్. అంతలో —

డొబ్.

ఖాళీ కుండ మీద తట్టినట్టు. అక్కడ ఆగింది. నేలమీద ఏదో గీస్తున్నట్టు సన్నగా రాపిడి... మళ్ళీ టక్.

“ఏమండీ...”

“ఎలక.”

“లెక్కపెట్టి కొడుతోందండీ.”

“కొత్త టైల్స్ కదా. సర్దుకుంటాయి. పడుకో.”

అని ముసుగు తన్నాడు బాబాయి. నిద్రపోయినవాడు అంత జాగ్రత్తగా ఊపిరి తియ్యడు అంటుంది పిన్ని. ఆవిడ మాత్రం కడుపు మీద చెయ్యి వేసుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ, తెల్లవార్లూ అలా పడుకునే ఉంది.

పొద్దున్న తలుపు తీస్తే, నేలమీద పదకొండు టైల్స్ మీద సుద్దతో గీసిన సున్నాలున్నాయి. గుండ్రంగా, ముత్యాల్లాంటి సున్నాలు. మేస్త్రి కిటికీలో వదిలేసి వెళ్ళిన సుద్దముక్క సగానికి సగం అరిగిపోయి ఉంది.

మిగిలిన డబ్బుల కోసం మేస్త్రి పొద్దున్నే వచ్చాడు. సున్నాలు చూసి నవ్వాడు.

“పిల్లల పనమ్మా ఇది.”

“ఇంకా పుట్టలేదు మేస్త్రీ,” అంది పిన్ని.

ఆవిడ వంగలేదు కనక, ఒక సున్నా మీద తాపీ పిడితో ఒకసారి తట్టి చూడమంది. తట్టాడు. డొబ్. పక్కదాని మీద తట్టమంది. టక్. ఇంకో సున్నా మీద... డొబ్. సున్నా ఉన్న పదకొండూ డొల్ల. లేనిది ఒక్కటి కూడా కాదు. మేస్త్రి నవ్వు మూడో సున్నా దగ్గరే ఆగిపోయింది.

ఒకటి పెకలించారు. నాలుగు మూలలా నాలుగు ముద్దలు సిమెంటు, నడిమధ్య ఉత్త గాలి. రేపు దానిమీద మంచంకోడు పడితే ఫెళ్ళున పగులుతుంది.

సిమెంటు మిగల్చమని సారే అన్నారని మేస్త్రి గొణిగాడు. మిగల్చమన్నాను గానీ గాలి పరవమన్నానా అన్నాడు బాబాయి.

వాళ్ళిద్దరూ కాసేపు అలా మాటా మాటా అనుకున్నాక, రాత్రి చప్పుడు ఎలా వినపడిందో పిన్ని పూసగుచ్చినట్టు చెప్పింది. మేస్త్రి తాపీని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“చేత్తో కొట్టింది కాదమ్మా. ఇదే, పిడితో. పని తెలిసినవాళ్ళే అలా చూస్తారు.”

ఆ రోజంతా కూర్చుని పదకొండూ పెకలించి మళ్ళీ వేశాడు. బీడీకి కూడా బయటికి వెళ్ళలేదు.

సోమవారం రాత్రి మళ్ళీ రెండుంపావుకి మొదలైంది. ఈసారి సున్నాలు మూడే. మేస్త్రి ఆ మూడూ తీసి, అడుగంతా నిండుగా సిమెంటు మెత్తి, మళ్ళీ వేశాడు. పిన్నికి సగం భయం అక్కడే పోయిందట. ఎవరైతేనేం, పని తెలిసినవాళ్ళు. ఇంజనీరుని పెట్టుకునే స్తోమత లేదన్నారుగా, ఊరికే వచ్చి చూసిపోతున్నారు, మంచిదేగా అంది. బాబాయి కసురుకున్నాడు. ఎలకలు అన్నాడు. సుద్దముక్క పట్టే ఎలకని తను చూడలేదని పిన్ని ఎదురు చెప్పలేదు. ఆవిడ స్వభావం అది.

బుధవారానికి నేల గట్టిపడింది. మంచం వెనక గదిలోకి మార్చారు. పక్కింటివాళ్ళు తమ పిల్లలు పెద్దవాళ్ళయ్యారని పాత ఊయల ఇచ్చారు. గది నడుమ పైకప్పులో ఎప్పటిదో ఇనప కొక్కెం ఉంది. దానికి వేలాడదీసి, స్టాండు ఖర్చు తప్పిందని బాబాయి మురిసిపోయాడు. మంచంమీద పడుకుంటే చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఊయల. పిన్ని దాన్ని చూస్తూ నిద్రపోయింది.

రెండుంపావు.

టక్...

ఈసారి మధ్యలో తలుపు లేదు. మంచం కిందనుంచే వెళ్తోంది చప్పుడు. టక్. టక్. టక్. పిన్ని లెక్కపెడుతోంది. పక్కన దుప్పటి కింద బాబాయి వేళ్ళు కూడా కదులుతున్నాయి. వరస తర్వాత వరస... ఆ గోడ నుంచి ఈ గోడ దాకా... ఒక్క డొల్ల లేదు.

ఆగింది.

“అయిపోయినట్టుందండీ,” అంది పిన్ని గుసగుసగా. ప్రాణం కుదుటపడింది.



టక్.

నేలమీద కాదు. గోడ మీద.

టక్. ఇంకొంచెం పైన. టక్. మనిషి ఎత్తు. టక్... మనిషి చెయ్యి అందని ఎత్తు. టక్, టక్... ఇప్పుడు తలకిందులుగా... పైకప్పు మీద. మూలనుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క అడుగూ... వాళ్ళ వైపే వస్తోంది.

ఊయల మీదికి వచ్చి ఆగింది.

డొబ్.

ఇంట్లోవాళ్ళకి వినపడిందో లేదో అన్నట్టు —

డొబ్.

మూడోసారి ఇంకా గట్టిగా.

డొబ్.

ఊయలలో పరిచిన గుడ్డమీద సున్నం పొడి జలజలా రాలింది.

బాబాయి ఈసారి ఎలక అనలేదు. చీకట్లోనే లేచి, ఊయల విప్పి చంకన పెట్టుకుని, రెండో చేత్తో పిన్నిని పట్టుకుని ముందు గదిలోకి తీసుకొచ్చాడు. తెల్లారేదాకా ఇద్దరూ సిమెంటు బస్తాల మీదే కూర్చున్నారు. పిన్ని ప్రార్థన చేసుకుంటూ ఉంటే, ఎన్నడూ లేనిది బాబాయి పెదాలు కూడా కదిలాయట.

పొద్దున్నే మేస్త్రిని పిలిపించారు. నిచ్చెన వీధి గుమ్మం బయట గొలుసుతో కట్టి ఉంది, కట్టింది కట్టినట్టే ఉంది. పైన, కొక్కెం చుట్టూ మాత్రం సుద్దతో సున్నా. ఒకటి కాదు, ఒకదాని చుట్టూ ఒకటి మూడు.

మేస్త్రి నిచ్చెన ఎక్కి, కొక్కెంలో రెండు వేళ్ళు పెట్టాడు. లాగనైనా లాగలేదంటాడు ఆయన. నేనే అడిగాను, నాకూ అదే చెప్పాడు. కొక్కెం వచ్చేసింది. దానితోపాటు చాపంత పెచ్చు ఊడి దబ్బున నేలమీద పడింది. లోపల ఇనప చువ్వలు తుప్పుపట్టి పొరలు పొరలుగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని ఉన్నది సున్నం పూతే.

దుమ్ము సర్దుకునేదాకా ఎవరూ కదల్లేదు. పిన్ని రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

మేస్త్రి కిందికి దిగి, నిచ్చెన మెట్టు మీదే కూలబడ్డాడు.

“రాయిలా ఉందన్నాను,” అన్నాడు. కాస్త ఆగి, “సామాను తెప్పించండి సారూ. దీనికి కూలి వద్దు నాకు.”

బాబాయి కాగితం తీసి, వీధి గోడకి రంగు అని రాసుకున్నది కొట్టేసి, పైకప్పు అని రాశాడు. ఆ వీధిలో ముఖం మాసిన ఇల్లు ఇప్పటికీ అదొక్కటే. లోపలికి వెళ్తే మాత్రం ఎక్కడ తట్టినా టక్కుమంటుంది.

ఆయన రాసుకుంటూ ఉండగా, పిన్ని పెచ్చులు దాటుకుంటూ గది మధ్యదాకా వెళ్ళింది. కొంగు సర్దుకుని, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మెల్లిగా అంది —

“మీరెవరో నాకు తెలీదు. వంటిల్లు ఇంకా చూడలేదు మీరు. కాస్త రాత్రి పది లోపు వచ్చి చూసేస్తే... నాకు నిద్ర చాలడం లేదండీ.”

బాబాయి గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. చొక్కా తొడుక్కుని, వీధి చివర కొట్టుకి వెళ్ళి, సుద్దముక్కల డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, మూత తీసి వంటింటి కిటికీలో పెట్టాడు.