ఆపరేషన్ పసిపాప పాస్‌పోర్ట్

"నోరు తెరవండి. ఇంకా. ఊఁ, అలాగే ఉంచండి."

పళ్ళ డాక్టరు డ్రిల్లింగ్ మెషిన్ ఆన్ చేశాడు. చెవులు చిల్లులు పడే మోత. కుర్చీలో వెల్లకిలా పడుకున్న మనిషి పళ్ళకి ఏ జబ్బూ లేదు. ఆ మోత ఉన్నంతసేపూ గోడల్లో ఎన్ని మైకులు దాచినా ఒక్క ముక్క రికార్డు కాదు. ఆ పరాయి దేశంలో మన సీక్రెట్ సర్వీస్ బ్రీఫింగులన్నీ ఆ కుర్చీలోనే జరుగుతాయి. డాక్టరే చీఫ్. కుర్చీలో ఉన్నవాడు ఏజెంట్ ముంగిస. ఊళ్ళోవాళ్ళకి మాత్రం లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు.

ఈ ఏర్పాటులో ఒకటే లోపం. చీఫ్ చెప్పింది వినాలే తప్ప, నోట్లో అద్దం పెట్టుకుని ఎదురు మాట్లాడటం కుదరదు. చీఫ్‌కి ఈ ఏర్పాటు అంతగా నచ్చడానికి అసలు కారణం అదేనని ముంగిస అనుమానం.

"మన రాడార్ డిజైన్ ఉన్న చిప్ నల్లకోటు ముఠా చేతికి చిక్కింది," అన్నాడు చీఫ్. "ఇవాళ మధ్యాహ్నం విమానంలో దేశం దాటుతోంది. తీసుకెళ్ళేది ఒక ఆడమనిషి. చంకలో పసిపిల్ల ఉంటుంది. పిల్లనెత్తుకున్న తల్లిని ఎవరూ గట్టిగా సోదా చెయ్యరు కదా!"

"ఊఁ," అన్నాడు ముంగిస.

"పెద్దవాళ్ళ పాస్‌పోర్టులు ముఠావాళ్ళే అచ్చేసుకుంటారు. కానీ ఇక్కడ పుట్టిన మన పిల్లల పాస్‌పోర్టుని ఎయిర్‌పోర్టువాళ్ళు కాన్సులేట్‌కి ఫోన్ చేసి మరీ సరిచూస్తారు. అందుకని పిల్లకి అసలుసిసలుది సంపాదించారు. మన కాన్సులేట్ నుంచే. దరఖాస్తు పెట్టిన మర్నాడే చేతికొచ్చిందట."

ముంగిస దిగ్గున లేవబోయాడు. డ్రిల్లు పెదవికి తగలబోయి తప్పింది.

"మర్నాడా! నా కూతురు పుట్టి నాలుగు నెలలైంది సార్! కాళ్ళరిగేలా తిరుగుతున్నా..."

"పడుకోండి. ఇంకోటి. మన ఏజెంటొకడు ఈ ఊళ్ళో ఉన్నాడని ముఠాకి తెలిసిపోయింది. మీ ఆవిడనీ పాపనీ ఇవాళ సాయంత్రం విమానంలో ఇంటికి పంపించెయ్యండి. టికెట్లు తీశాను. పాపకి పాస్‌పోర్టు వచ్చిందిగా?"

చీఫ్ ముంగిస నోట్లో మళ్ళీ అద్దం పెట్టేశాడు. ముంగిస రాలేదని తల అడ్డంగా ఊపబోయి, డ్రిల్లు చూసి మానుకున్నాడు.

ముంగిస రకరకాల పేర్లతో, రకరకాల మీసాలతో ఎన్నో సరిహద్దులు దాటినవాడు. ఒకసారి పాలవ్యాన్‌లో ఖాళీ క్యాన్ల మధ్య కూర్చుని దాటాడు. ఇంకోసారి పెళ్ళికొడుకు వేషంలో దాటాడు. అలాంటివాడికి ఒక్క పిల్లకి, తన సొంత పిల్లకి, నిజమైన కాగితం ఒకటి తీసుకోవడానికి తల ప్రాణం తోకకి వస్తోంది.

మొదట ఫోటో దగ్గర తిప్పారు. వెనక తెల్లగా ఉండాలి, కళ్ళు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, పట్టుకున్నవాళ్ళ చెయ్యి కనబడకూడదు. మెడ నిలవని పిల్ల ఎవరూ పట్టుకోకుండా ఎలా కూర్చుంటుందయ్యా అంటే, అది మా డిపార్ట్‌మెంట్ కాదన్నారు. పాప కళ్ళు తెరిస్తే నోరూ తెరిచేది, నోరు మూస్తే కళ్ళూ మూసేది. చివరికి ముంగిస భార్య దుప్పటి పరిచి, పాపని పడుకోబెట్టి, పైనుంచి తాళంచెవులు ఆడించి ఎలాగో సాధించింది. ఆ రోజు ఇంట్లో పండగలా ఉంది. తర్వాత ఆసుపత్రి కాగితానికి అనువాదం కావాలన్నారు. అనువాదం తెస్తే దానిమీద ముద్ర కావాలన్నారు. ముద్ర వేయిస్తే అది పోయిన నెలదన్నారు.

అన్నీ దాటుకుని వెళ్తే, తండ్రి సంతకం దగ్గర అడ్డం పడింది. దరఖాస్తులో మూడుచోట్ల సంతకం పెట్టాలి. మూడూ ఒకేలా ఉండాలి. ఒకే సంతకం రెండుసార్లు పెట్టినవాడు రెండోసారి దొరికిపోతాడని ట్రైనింగ్‌లో ముంగిసకి నూరిపోశారు. అతని చెయ్యి ఆ పాఠాన్ని ఎంత బాగా ఒంటబట్టించుకుందంటే, ఇప్పుడు తలకిందులుగా తపస్సు చేసినా రెండు సంతకాలు కలవవు. ఫైలు ప్రతిసారీ తిరిగొచ్చేది. చీఫ్ ఒక్క మాట చెబితే పని అయిపోను. కానీ చెబితే సీక్రెట్ సర్వీస్‌లో సీక్రెట్ పోతుందట.

సాయం చేస్తానని వచ్చింది ఒక్క నెమలే. నెమలి అంటే డబుల్ ఏజెంట్. నల్లకోటు ముఠాలో ఉంటూ మనకి కబుర్లు మోస్తుంది. పెద్ద హోటల్లో పియానో వాయిస్తుంది. నల్లకళ్ళద్దాలు, ఎత్తుమడమల చెప్పులు, వీధి చివరినుంచే పసిగట్టే సెంటు. మొన్న పాపకి గిలక తెచ్చి, ముంగిస భార్య చేతులు పట్టుకుంది.

"మీ అవస్థ చూడలేకపోతున్నా వదినా. ఫైలు నాకివ్వండి. ఆ కౌంటర్లో నాకు తెలిసినవాళ్ళున్నారు."

భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇచ్చేసింది. ముంగిస కూడా కాదనలేదు. కౌంటర్లో తెలిసినవాళ్ళున్నారని అప్పటికి ఏ దయ్యం వచ్చి చెప్పినా ఫైలు ఇచ్చేసేవాడే.

క్లినిక్ మెట్లు దిగుతూనే భార్యకి ఫోన్ చేశాడు. "పెట్టెలు సర్దుకుని పాపతో ఎయిర్‌పోర్టుకి వచ్చెయ్. పాస్‌పోర్టు తీసుకుని అక్కడికే వస్తాను."

"వస్తుందంటారా?"

"ఇవాళ తీసుకునే కదులుతాను."

"ఆ మాట మీరు కిందటి నెలలో కూడా అన్నారు," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

కాన్సులేట్ హాల్లో కుర్చీలు నేలకి బిగించి ఉంటాయి. ఎవరైనా ఎత్తుకుపోతారనో, కోపమొచ్చి విసురుతారనో తెలియదు. రెండోదే నిజమై ఉంటుంది. కౌంటరు అద్దానికి మాట్లాడే కన్నం ఛాతీ ఎత్తున పెట్టారు. ఎంతటివాడైనా వంగి దండం పెట్టినట్టు నిలబడాల్సిందే. టోకెన్ పిలిచాక ముంగిస వంగాడు.

లోపలున్న కళ్ళజోడు గుమస్తా మొహం చిట్లించాడు. "మళ్ళీ వచ్చారా! ఇంకెందుకండీ? మీ పాప పాస్‌పోర్టు ఇచ్చేశాంగా."

"ఇచ్చేశారా? ఎవరికి?"

"మీ ఆవిడకి. నిన్న వచ్చి తీసుకెళ్ళారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని... ఆవిడ చాలా కలుపుగోలు మనిషండీ. మీలా కాదు."

ముఠా సంపాదించిన పాస్‌పోర్టు ఏ పాపదో, చిప్ తీసుకెళ్ళే ఆడమనిషి ఎవరో ముంగిసకి ఒక్క దెబ్బతో అర్థమైపోయింది. నెమలి వాళ్ళ మనిషే. వదినా వదినా అంటూ ఇంట్లో కాఫీ తాగి వెళ్ళింది.

"సంతకాలు?" అన్నాడు.

"మూడుచోట్లా అచ్చుగుద్దినట్టున్నాయండీ! ఇన్నాళ్ళూ మేం మొత్తుకున్నది దానికే కదా!"

ఒళ్ళు మండిపోయింది. కన్నతండ్రి స్వయంగా పెట్టిన సంతకం చెల్లలేదు. దొంగది చెల్లింది!

గుమస్తా అతని వాలకం చూసి కాస్త మెత్తబడ్డాడు. "ఏమైనా పొరపాటు జరిగిందా? చెప్పండి, ఇప్పుడే రద్దు చేసేస్తాను. మళ్ళీ మొదట్నుంచీ అప్లై చేసుకోవచ్చు. ఫోటో మాత్రం కొత్తది కావాలి."

రద్దు చేస్తే నెమలి ఎయిర్‌పోర్టులో ఆగిపోతుంది. కానీ ఏదో తేడా వచ్చిందని తెలిసిన మరుక్షణం చిప్ చేతులు మారిపోతుంది. అదీ నిజమే. పాప పాస్‌పోర్టు పోతుంది, మళ్ళీ దుప్పటి, మళ్ళీ తాళంచెవులు. అదీ నిజమే. ఆ రెండిట్లో దేన్ని చూసి వద్దన్నావని అడిగితే ముంగిస ప్రమాణం చేసి చెప్పలేడు.

"పొరపాటేం లేదు," అని పరుగెత్తాడు.

ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర భార్య పెట్టెల మధ్య నిలబడి ఉంది. పాప భుజం మీద నిద్రపోతోంది. ముంగిస రెండు మాటల్లో సంగతి చెప్పాడు. ఆవిడ మొహం పాలిపోయింది.

"దాని చేత్తో పాపకి పాలు కూడా పట్టించానండీ!"

"ఇది చెవిలో పెట్టుకో. నా చొక్కా గుండీలో మైకుంది. అవతల జరిగేదంతా నీకు వినిపిస్తుంది, నీ మాట నాకు వినిపిస్తుంది. నాకేమైనా అయితే డాక్టర్‌కి ఫోన్ చెయ్."

"ఏమీ కాకుండా రండి. పాస్‌పోర్టు తీసుకుని మరీ రండి."

టూల్‌బాక్సు భుజాన వేసుకుని, లోపల లిఫ్టు ఆగిపోయిందటగా అంటూ ముంగిస సిబ్బంది తలుపులోంచి దూరిపోయాడు. ఏ దేశంలోనైనా లిఫ్టు మెకానిక్కుని ఆపేవాడు ఉండడు.

గేటు దగ్గర ఆఖరి పిలుపు వినిపిస్తోంది. మధ్యలో విమానం మారి మన దేశం వెళ్ళేవాళ్ళు లైన్లో సగం మంది ఉన్నారు. లైను ముందుకి జరుగుతోంది. అందరికన్నా ముందు వరసలో నెమలి. చంకలో ఎవరి బిడ్డో గుక్కపట్టి ఏడుస్తోంది. దారిలో ముంగిస ఫోన్ చేస్తే చీఫ్ పురమాయించిన కస్టమ్స్ ఆఫీసర్లిద్దరు స్తంభం పక్కన పేపరు చదువుతున్నట్టు నిలబడ్డారు.

"సంచి రెండుసార్లు చూశాం. ఏమీ లేదు," అన్నాడు ఒకాయన పేపర్లోంచి. "ఆధారం లేకుండా తల్లీబిడ్డల్ని ఆపలేం. రూలు ఒప్పుకోదు."

రూలు! ఆ మాట వింటే ముంగిసకి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. గుండీ వైపు తలవంచి గొణిగాడు. "ఎక్కడ దాచిందో తెలియట్లేదు. విమానం వెళ్ళిపోతోంది."

చెవిలో భార్య గొంతు. "ఏమండీ, ఆ ఏడుపు ఆ పిల్లదేనా? అది ఆకలి ఏడుపు కాదు. తడిసిపోయింది. మన పాప కూడా తడిస్తే అచ్చం ఇలాగే ఆగి ఆగి ఏడుస్తుంది. ఆవిడ ఏం చేస్తోంది?"

"పాలసీసా నోట్లో కుక్కుతోంది."

"డైపర్ బరువుగా వేలాడుతోందా?"

ముంగిస చూశాడు. "మోకాళ్ళ దాకా వచ్చింది."

"మార్చేవాళ్ళయితే ఎప్పుడో మార్చేవాళ్ళండీ. విప్పడానికి వీల్లేకే ఆగింది!"

ముంగిస రెండంగల్లో లైను ముందుకి చేరాడు. "చెల్లాయ్, పాప తడిసిపోయింది. ఇలా ఇవ్వు, నేను మారుస్తాను."

నెమలి ఉలిక్కిపడలేదు. నవ్వింది. చేతిసంచిలోంచి లిప్‌స్టిక్ తీసి మూత విప్పింది. "కదలకన్నయ్యా. ఇందులో ఉన్నది రంగు కాదు, తూటా. నీకు పిల్లలంటే ప్రాణమని నాకు తెలుసు."

లిప్‌స్టిక్ కొన పసిపిల్ల వైపు తిరిగింది. ముంగిస కొయ్యబారిపోయాడు. గేటు దగ్గరమ్మాయి నెమలి టికెట్ చింపి ఇచ్చింది. ఇంకొక్క అడుగు వేస్తే విమానం.

"ఏమ్మా, నీకు బుద్ధుందా?"

లైన్లో వెనకనున్న ముసలావిడ. చేతిలో మందుల సంచీ, కాళ్ళకి మేజోళ్ళు. "ఇందాకట్నుంచీ పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తుంటే తీరిగ్గా పెదాలకి రంగేసుకుంటావా? నువ్వసలు కన్నతల్లివేనా?" అంటూ ఆ చేతిమీద ఫెడీమని ఒక్కటేసింది. లిప్‌స్టిక్ నేలమీద పడి 'ఠాప్'మని పేలింది. తూటా పోయి ఖాళీ కుర్చీ దిండులో దిగబడింది. ముసలావిడ వెనక్కి తిరిగైనా చూడలేదు. అప్పటికే పిల్లని లాక్కుని కుర్చీలో పడుకోబెట్టి డైపర్ విప్పేసింది.

"అయ్యో తల్లీ, ఒరుసుకుపోయిందే! ఇదేంటీ? లోపల ఏదో కవరు అంటించావేంటి పిల్లకి?"

గోరంత ప్లాస్టిక్ కవరు. అందులో చిప్. ఆధారం దొరికిన ఆనందంలో కస్టమ్స్ వాళ్ళు పేపర్లు విసిరేసి మీద పడ్డారు. ఆ వెనకే గేటు తలుపు మూసుకుంది.

బేడీలు పడుతుంటే నెమలి ముంగిస వైపు తిరిగింది. "నీ సంతకం ఒక్కటే నన్ను చంపిందన్నయ్యా. దేన్ని చూసి రాయాలో తెలియక, చివరికి నేనే ఒకటి తయారుచేశాను."

ఎవరి కంటా పడకుండా ముంగిస ఆవిడ సంచిలోంచి పాస్‌పోర్టు తీసి టూల్‌బాక్సులో వేసుకున్నాడు. సాక్ష్యమని ఎవరైనా సీలు వేస్తే అది మళ్ళీ ఏ కౌంటర్లో తేలుతుందో! సిబ్బంది తలుపు అవతల ఆగి, పాస్‌పోర్టు తెరిచి ఫోటో చూశాడు. దుప్పటి మీద పాప. కళ్ళు తెరిచి, నోరు మూసి, పైకి చూస్తోంది. ముంగిసకి కళ్ళు నిండిపోయాయి. పాప ఉంది, ఫలానావాళ్ళ బిడ్డ అని దేశం ఒప్పుకుంది. అంతకన్నా ఏం కావాలి?

సాయంత్రానికి చీఫ్ ఫోన్ చేశాడు. నెమలి నోరు విప్పిందట, ముఠా మొత్తం దొరికిందట. ఆ బిడ్డ ముఠా డ్రైవరు కూతురట, తల్లి వచ్చేదాకా ముసలావిడ ఎవరికీ ఇవ్వలేదట. "ఇక ప్రమాదం లేదు. అయినా మీవాళ్ళని పంపించండి, హాయిగా వెళ్ళొస్తారు."

భార్య పాపనెత్తుకుని ఇమిగ్రేషన్ కౌంటరు ముందు నిలబడింది. ముంగిస గర్వంగా పాస్‌పోర్టు అందించాడు. ఆఫీసరు పేజీ తిప్పాడు. కంప్యూటర్ చూశాడు. పాపని చూశాడు. మళ్ళీ కంప్యూటర్ చూశాడు.

"ఈ పాప మధ్యాహ్నమే దేశం దాటి వెళ్ళిపోయింది సార్. ముద్ర ఉంది."

"వెళ్ళడమేంటండీ! ఇదిగో, మీ ఎదురుగానే ఉంది!"

"కనిపిస్తూనే ఉంది సార్. కానీ రికార్డులో లేదు. మళ్ళీ లోపలికొచ్చినట్టు ముద్ర లేనిదే బయటికెలా పంపిస్తాం? అసలు వెళ్ళనే లేదని మీ కాన్సులేట్ నుంచి లెటర్ తెండి. తండ్రి సంతకంతో."

ముంగిస పక్కకొచ్చి, చీఫ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాడు. అవతల అసూయ ధ్వనించే గొంతు. "ఏ రికార్డులోనూ లేకుండా ఒక దేశంలో బతకడం! నేను ముప్ఫయ్యేళ్ళుగా ప్రయత్నిస్తున్నానయ్యా. మీ పాపకి ఒక్క పూటలో సాధ్యమైంది. పెద్దయ్యాక మన సర్వీస్‌లో..."

భార్య ఫోన్ లాక్కుంది. "డాక్టరుగారూ, ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందిక్కడ కాస్త వేణ్ణీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి. దేశంలో లేకపోయినా దీనికి ఆకలేస్తోంది."