మూడో స్తంభం దగ్గర ఆగిన మిషన్

కడప నుంచి రాజంపేట పోయే దారిలో, ఒంటిమిట్ట ఇంకా రాకముందే, ఎడమచేతి వైపు ఒక కల్యాణమండపం ఉంది. ఏసీ ఉంది, లిఫ్టు ఉంది, గోడ నుంచి గోడకు పరిచిన ఎర్ర తివాచీ ఉంది. లోపల ఎనిమిది స్తంభాలు. ఏడింటి మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. మూడో దానికి మాత్రం పేరు మంచిది కాదు.

అక్కడ పెళ్లికి వచ్చినవాళ్లకేమీ కాదు. ఆ మాట ముందే చెప్పాలి. ఆ స్తంభం పక్కన భోంచేసినవాళ్లు, కునికినవాళ్లు, మర్యాదలు చాలలేదని అలిగినవాళ్లు అందరూ క్షేమంగా ఇళ్లకు పోయారు.

అక్కడ చచ్చేవి మిషన్లు.

రెండేళ్లలో మూడు వాక్యూమ్ క్లీనర్లు అదే చోట పోయాయి. ఒకటి పొగ వదిలి పోయింది. ఒకటి అరిచి పోయింది. మూడోది ఏమీ అనకుండానే పోయింది... దాన్ని చూసే ఎక్కువ భయపడ్డారు.

ఇదంతా జీవమ్మ పని అని అక్కడివాళ్లు చెబుతారు.

జీవమ్మ ఆ మండపంలో పదకొండేళ్లు ఊడ్చింది. ఆమె పద్ధతి ఆమెకుండేది. పెళ్లి అయిపోగానే చెప్పులు విడిచి తివాచీ మీద మొదట ఊరికే నడిచేది. కాలికి తగిలిన హెయిర్ పిన్నులు, పిన్నీసులు, మెట్టెలు వంగి ఏరేది. ఏరినవన్నీ పెళ్లివేదిక అంచున వరసగా పెట్టేది. పోగొట్టుకున్నవాళ్లు వచ్చి చూసుకుంటారని. ఆ తర్వాతే పొరక పట్టేది. ఒక పెళ్లి అయ్యాక, మూడో స్తంభానికి ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. మరుసటి నెలలో యజమానురాలు మొదటి మిషన్ తెచ్చింది. పొరకకు చేసిన ద్రోహాన్ని జీవమ్మ మర్చిపోలేదని అందరూ అన్నారు.

ఈ కథ నేను ముగ్గురి నోట విన్నాను. వాళ్లు ఒకరితో ఒకరు తేడా పడని సంగతులే ఇక్కడ రాస్తున్నాను. తేడా పడినచోట ఆ మాట చెబుతాను.

మొన్నటి వైశాఖంలో శుభ్రం పనుల కాంట్రాక్టరు విశ్వాసమ్మను మండపం యజమానురాలు కృష్ణవేణమ్మ పిలిపించింది.

"విశ్వాసమ్మా, నీ మీద నాకేం కోపం ల్యాదు. కానీ పెండ్లికొడుకు కాలికింద తలంబ్రాలు కసకసమంటాంటే నా పరువు పోతాండాది. ఈ పెండ్లికి తివాచీ సరిగ్గా ల్యాకుంటే పని బెంగళూరోళ్లకు ఇస్తా."

"అట్లేనమ్మా," అంది విశ్వాసమ్మ.

ఆ మండపం పోతే ఆమెకు మిగిలేవి రెండు బ్యాంకులు, ఒక డాక్టరు గారి మెట్లు. వాటితో ఆమె కింద పనిచేసే వాళ్లకు పొయ్యి వెలగదు. కాబట్టి చావని మిషన్ ఒకటి కావాలి. అది ఈ పెళ్లిలోపే దొరకాలి.

కడపలో మిషన్ల కొట్టు నడిపే శివశంకర్ ఆమె ముందు రెండు నిలువు మిషన్లు పెట్టాడు. నిలబడి తోసుకుంటూ పోయే రకం. నడుము వంచే పని లేదు.

"ఇది చూడమ్మా. తేలిక. ముందర నీలం లైటు. డబ్బా అద్దం మాదిరి ఉండాది, లోపల చెత్త కనిపిస్తాది."

"చెత్త నేను దినామూ చూస్తాండా. మళ్లా అద్దంలో చూడాల్నా?"

శివశంకర్ రెండోదాన్ని ముందుకు లాగాడు. బూడిదరంగు, బరువు, వీపుకు గుడ్డ సంచి, ముందర ఒక చిన్న పచ్చ లైటు. దాని అందం గురించి అతను ఒక్క మాట కూడా అనలేదు.

"దీనికి వైరు పదిహేను మీటర్లు. కింద బ్రష్ విప్పాలంటే రూపాయి బిళ్ల చాలు. బెల్టు తెగితే మీరే మార్చుకోవచ్చు, బెల్టులు నా కొట్టులోనే ఉండాయి, మద్రాసుకు రాయాల్సిన పని ల్యా. మిషన్ కొనేటప్పుడు ఎట్ల నడుస్తాదని కాదమ్మా, ఎట్ల విప్పాలని అడగాల."

"మరి ఎట్ల చస్తాది?"

శివశంకర్ ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. "దుమ్ముతో చావదు. వెంట్రుకలు, పూలదారం, హెయిర్ పిన్నులు... ఈ మూడే చంపేది. ముందు చేత్తో పిన్నులు ఏరుకుని, తర్వాత మిషన్ పెట్టాల."

వెంట వచ్చిన పనివాడు ఓబులేసు నవ్వాడు. "ఏరేదానికి మేముంటే మిషనెందుకప్పా?"

శివశంకర్ ఒక్క రాత్రికి రెండూ ఇచ్చాడు. తెల్లారినాక ఏది నిలబడితే అది కొనుక్కోమన్నాడు.

రిసెప్షన్ పదకొండున్నరకు అయిపోయింది. ముహూర్తం తెల్లవారుజామున నాలుగూ నలభైకి. నాలుగుకల్లా మగపెళ్లివాళ్లు లోపలికి వస్తారు. మధ్యలో ఉన్న టైమే విశ్వాసమ్మది. ఆమె, ఓబులేసు, రామేశ్వరమ్మ అనే మరో పనిమనిషి... ముగ్గురే.

తివాచీ మీద అక్షింతలు, అలంకరణ నుంచి రాలిన థర్మాకోల్ పూసలు, మల్లెలు, తడిసిన కాగితం గ్లాసులు. ఏరే ఓపిక ఎవరికీ లేదు. నీలం లైటు మిషన్‌ను నేరుగా దించారు.

అది ముద్దుగా నడిచింది. మొదటి స్తంభం దాటింది. రెండోదీ దాటింది. మూడోదాని దగ్గర నీలం లైటు ఒకసారి రెపరెపలాడి... ఆరిపోయింది. కాలిన రబ్బరు వాసన వచ్చింది.

"ఒకటి," అంది రామేశ్వరమ్మ.

ఓబులేసు దాన్ని బోర్లా పడేసి చూశాడు. రోలర్ పగిలి ఉంది. దాని చుట్టూ పొడుగాటి నల్లటి జుట్టు, మూరల కొద్దీ.

"అక్కా," గొంతు తగ్గించాడు. "ఇది జీవమ్మ జుట్టు."

"జీవమ్మ జుట్టు తెల్లగుండె. అది సవరం. పక్కన పడెయ్."

బూడిదరంగు మిషన్ దించారు. అది గూడ్సుబండిలా మోగింది. కానీ పోయినచోటల్లా ఎర్రరంగు బయటపడింది. రామేశ్వరమ్మ వెనక నిలబడి స్తంభాలు లెక్కపెట్టింది.

మూడో స్తంభం.

శబ్దం ఆగిపోయింది.

పొగ లేదు. వాసన లేదు. ఓబులేసు స్విచ్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. కదల్లేదు.

"రెండు," అంది రామేశ్వరమ్మ.

టైము పన్నెండూ యాభై. తివాచీ ముప్పాతిక భాగం అట్లాగే ఉంది.

"కొంచేపు దాన్ని వదిలేయండి," అంది విశ్వాసమ్మ. "టీ తాగొద్దాం. తర్వాత పొరకలే గతి."

పోయేముందు రామేశ్వరమ్మ కుర్చీకి తొడిగే తెల్లటి గుడ్డ ఒకటి తీసి మిషన్ తల మీదుగా కప్పింది.

"ఎందుకుమే అది?" అన్నాడు ఓబులేసు.

"జీవమ్మ కంట పడకుంటే ఊరుకుంటాదేమోనని."

ప్లగ్గు ఎవరూ పీకలేదు. స్విచ్ ఎవరూ ఆపలేదు. కానీ లైటు మాత్రం ఆర్పారు. పనిలేని లైటు వెలగరాదని కృష్ణవేణమ్మ తలుపు పక్కనే రాయించి పెట్టింది.

వెనక వంటశాలలో ఓబులేసు బెల్లం టీ పెట్టాడు. మూడు గ్లాసులు పోశాడు. టీ సగంలో ఉండగా...

ఊఁ...

మండపంలోనుంచి. సన్నగా మొదలై లావుగా మారింది.

ముగ్గురూ గ్లాసులు దించారు. తలుపుకున్న అద్దంలోంచి లోపలికి చూశారు.

చీకటి. చీకట్లో తెల్లగా ఒకటి నిలబడి ఉంది. మనిషి గుండె ఎత్తు. తల లేదు. పొట్ట దగ్గర ఒక పచ్చటి చుక్క. ఒళ్లంతా వణుకుతోంది.

అది కదిలింది. ఒక అడుగు... ఇంకొక అడుగు... పెళ్లివేదిక వైపు.

"యాడికి పోతాంది?" గుసగుసగా అడిగాడు ఓబులేసు.

"పీటల మీదికి," అంది రామేశ్వరమ్మ.

"జీవమ్మకు పెండ్లి కాలేదా?"

"అయింది. ఇద్దరు కొడుకులు."

"మరి ఇంకేం కావాలంట?"

ఆ ప్రశ్నకు జవాబు వినడానికి ఎవరూ ఆగలేదు. రామేశ్వరమ్మ ఆంజనేయుణ్ణి, విశ్వాసమ్మ యేసయ్యను పిలుస్తూ వాకిట్లోకి వచ్చారు. ఓబులేసు అప్పటికే వాళ్లు వచ్చిన ఆటోలో ఉన్నాడు. ఫోను చార్జరు వెతకడానికి పోయానని ఇప్పటికీ చెబుతాడు.

గేటు దగ్గర నిలబడి విశ్వాసమ్మ రోడ్డు వైపు చూసింది. రెండు గంటల్లో ఆ రోడ్డు మీద మగపెళ్లివాళ్ల బస్సు వస్తుంది. లోపల తివాచీ అట్లాగే ఉంది. తెల్లారితే పని బెంగళూరోళ్లది.

ఆమె శివశంకర్‌కు ఫోన్ చేసింది. ఫోన్‌లో ఆ కాల్ టైము ఒకటీ యాభై రెండు.

"అప్పా, నీ మిషన్ చచ్చిపోయి, లేచి, నడుస్తాండాది."

అటువైపు నుంచి ఒక ఆవలింత.

"ఆగినాక స్విచ్ ఆపినారా?"

"ల్యా."

"ప్లగ్గు?"

"ల్యా."

"అది చావలేదమ్మా, మూర్ఛపోయినాది. వెంట్రుకలు బిగుసుకుంటే మోటారు వేడెక్కుతాది. కాలిపోకుండా తనే ఆగిపోతాది. చల్లబడినాక స్విచ్ వేసేవుంటే మళ్లా తనే మొదలవుతాది. కింద బ్రష్ తిరుగుతాంటే తివాచీని పట్టుకుని ముందుకు పాకుతాది. పోయి ప్లగ్గు పీకండి."

"నువ్వొచ్చి పీకు."

"పొద్దున్నే వస్తా. మోటారుకు వారంటీ ఉండాది, దయ్యాలకు ల్యాదు."

విశ్వాసమ్మ ఆ మాటే మిగతా ఇద్దరికీ చెప్పింది. ఇద్దరూ నమ్మారు. ఎవరూ కదల్లేదు. ఎంతసేపు అట్లా ఉన్నారన్నది ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. విశ్వాసమ్మ చివరికి ప్రార్థన ముగించి, చెప్పులు విడిచి, ఒక్కతే లోపలికి పోయి లైటు వేసినప్పుడు మండపం గడియారంలో రెండూ యాభై.

మిషన్ వేదికకు ఆనుకుని నిలబడి ఉంది. తెల్లగుడ్డ కప్పుకునే ఉంది. చప్పుడు లేదు.

తివాచీ ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగా ఉంది.

ఒక్క గింజ లేదు. ఒక్క పూరేకు లేదు. ఆ రాత్రి మొత్తం మీద విశ్వాసమ్మకు నిజంగా భయం వేసింది అప్పుడేనట.

ఓబులేసు చేశాడనుకుంది రామేశ్వరమ్మ. రామేశ్వరమ్మ చేసిందనుకున్నాడు ఓబులేసు. అడిగి తేల్చుకునే టైము లేదు. కుర్చీలు సర్దారు, పీటలు వేశారు. నాలుగుకు బస్సు వచ్చింది.

కృష్ణవేణమ్మ వట్టికాళ్లతో తివాచీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మూడో స్తంభం దగ్గర ఆగి, కాలివేళ్లతో రుద్ది చూసింది.

"ఈ తూరి బాగుండాది. వచ్చే ఏడాదికి కూడా నువ్వే చూసుకో."

పొద్దున పదికి శివశంకర్ వచ్చాడు. రూపాయి బిళ్లతో బ్రష్ విప్పాడు. గుప్పెడు వెంట్రుకలు, పూలదారం లాగి చూపించాడు. తర్వాత మూడో స్తంభం వైపు చూసి నవ్వాడు. ఆ ఎనిమిదింటిలో దానికొక్కదానికే నిలువుటద్దం బిగించి ఉంది. ఫోటోకు పోయే ప్రతి ఆడమనిషీ అక్కడ ఆగి తల సర్దుకుంటుంది. రాలేవన్నీ అక్కడే రాలతాయి.

"ఇదమ్మా మీ జీవమ్మ," అన్నాడు.

అందరూ నవ్వారు. ఓబులేసు అందరికన్నా గట్టిగా నవ్వాడు. నిన్న రాత్రి తనకు అనుమానం వచ్చిందని, ఆడవాళ్లు భయపడతారని బయటికి వచ్చానని కూడా అన్నాడు.

విశ్వాసమ్మ నవ్వలేదు.

"అప్పా, ఆ వెంట్రుకల్లో పిన్నులు ఉండాయా?"

శివశంకర్ వేళ్లతో వెతికాడు. సంచి దులిపాడు. "ఒక్కటీ ల్యా. మీరు ముందే ఏరినట్టుండారు. అందుకే రోలర్ బతికింది."

"మేం ఏరల్యా."

ఆమె అతన్ని వేదిక దగ్గరికి తీసుకుపోయింది. పూలదండలు వేలాడే అంచు కింద, చూడాలని వంగితే తప్ప కనపడనిచోట, హెయిర్ పిన్నులు వరసగా పెట్టి ఉన్నాయి. పంతొమ్మిది. పక్కన రెండు పిన్నీసులు. ఒక మెట్టె.

"తనంతట తనే మొదలవుతాదంటివి. ఒప్పుకుంటా. ముందుకు పాకుతాదంటివి. అదీ ఒప్పుకుంటా," అంది విశ్వాసమ్మ. "వంగుతాదా?"

శివశంకర్ పిన్నుల వైపు చూశాడు. మిషన్ వైపు చూశాడు. వ్యాపారం తెలిసిన మనిషి కాబట్టి కొంచెంసేపు ఆలోచించాడు.

"ఈ మోడల్ వంగదమ్మా."

"సరే. ఇదే ఉండనీ."

ఆ మిషన్ ఇప్పటికీ ఆ మండపంలోనే ఉంది. ఒక బెల్టు మార్చారు, అంతే. ముహూర్తాల రాత్రుల్లో దాన్ని మూడో స్తంభం దాకా తోసి, స్విచ్ వేసే ఉంచి, లైటు ఆర్పి టీకి పోతారు. గంటసేపు. ఓబులేసు ఇప్పుడు నాలుగు గ్లాసులు పోస్తాడు. ముగ్గురే కదా అని మొదటిసారి అడిగితే, పొయ్యమని మాత్రం అందట విశ్వాసమ్మ. నాలుగోది తలుపు లోపల పెట్టి వస్తాడు.

"తర్వాత చూస్తే ఖాళీగా ఉంటుందా?" అని అతన్ని అడిగాను.

"కడిగి బోర్లించి ఉంటాది సార్," అన్నాడు.