యముని తొలిచూపు

హనుమండ్లు సంచి సర్దుతున్నాడు. రెండు అంగీలు, దువ్వెన, కుంచెలు పెట్టాడు. కుంచెలను అండాలు మళ్లీ బయటికి తీసేసింది.

"యముని కండ్లు పెట్టకుంటనే పోతవా?"

"పెట్టినంకనే పోత. జర కుంచె ఇయ్యి పిల్లా."

జమ్మికుంటలో నేత నేసే అంతయ్య ఇల్లు అది. అండాలు ఆయన బిడ్డ. మార్కండేయుని కథ చెప్పేవాళ్ల కోసం హనుమండ్లు ఆ ఇంట్లోనే ఉండి పొడవాటి గుడ్డ మీద బొమ్మలు గీశాడు. పైన లింగాన్ని కావలించుకున్న మార్కండేయుడు, పాశం విసిరే యముడు. కింద మగ్గాలు, నూలు ఆరేసే ఆడవాళ్లు, కండెలు చుట్టే పిల్ల.

"గా పిల్ల నేనేనా? నా ముక్కు గంత పొడుగున్నదా?"

"మొదటినాడు నన్ను చూసి తిప్పుకున్నవ్ గద, గప్పుడు గట్లనే ఉండె."

యముని కళ్లు అందరికంటే చివర పెట్టాలి. చుక్క పడగానే గీసేవాడు పక్కకు తప్పుకోవాలి, ఇంకొకరు గుమ్మడికాయ అడ్డం పెట్టాలి. తొలిచూపు కాయ మీద పడితే దాన్ని పగలగొట్టేస్తారు. మనిషి మీద పడకూడదు.

అండాలు కాయ ఎత్తుకుని నిలబడింది. బయట ముసురు. ఒక కన్ను అయింది. రెండో కన్ను దగ్గర కుంచె ఆగింది.

"లక్సెట్టిపేట పోయి మా అవ్వను తోలుకొస్త. మీ బాపును అడుగుమంట."

"వేరే కులమంటడు బాపు."

"అననియ్యి. మా అవ్వ మాటకు యముడే మెత్తబడ్తడు. నీకిష్టమేనా?"

చుక్క పడింది. అండాలు అతని ముఖమే చూస్తోంది.

"ఇష్టమే."

కాయ ఆమె చంకలోనే ఉంది.

పక్కగదిలో మగ్గం చప్పుడు ఆగింది. ఇద్దరూ బొమ్మ వైపు తిరిగారు. మార్కండేయుని చూడాల్సిన యముడు హనుమండ్లును చూస్తున్నాడు.

"అయ్యో, కాయ!"

"ఫికర్ చెయ్యకు. మార్కండేయునితోనే ఓడిండు, మనతోని గెలుస్తడా? నువ్వు ఇష్టమన్నవ్, గది చాలు."

నవ్వుకుంటూ వానలోకి దిగాడు. వీధి మలుపులో చెయ్యి ఊపాడు.

అండాలు లోపలికి పరుగెత్తి కాయను బొమ్మ ముందు పెట్టింది. యముడు దాన్ని చూడలేదు. ఆ కళ్లు గడప దాటి, వీధి మలుపు దాకా పోయి ఉన్నాయి. కండెల పిల్ల కళ్లు కూడా అటే.

ముసురు తెరిపిచ్చాక ఒక ముసలామె తడి చీరతో గుమ్మంలో నిలబడింది. ముక్కూ నుదురూ హనుమండ్లువే. అండాలు సిగ్గుపడి కొంగు సర్దుకుంది. ముసలామె వెనక ఎవరూ లేరు.

"నా కొడుకు ఇంక గీడనే ఉన్నడా బిడ్డా?" అని అడిగింది ఆమె.

హనుమండ్లు లక్సెట్టిపేట చేరలేదు. జమ్మికుంటకు మళ్లీ రాలేదు. అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం, శ్రావణ మాసం.