ఈతకొలను మింగిన ఉప్పు

ఇటు జరగండి, మంట దగ్గరికి. మాటలు ఆపండి. చెవుల్లో తీగలు పెట్టుకున్నవాళ్ళు తీసి జేబులో వేసుకోండి. దగ్గేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి, కథ మధ్యలో దగ్గితే దొంగ పారిపోతాడు.

మొన్నటి చలికాలం సంగతి. ఎస్.కోటలో టైలరు షాపు పైగదిలో డిటెక్టివ్ జయశ్రీ ఉంటుంది. ఆవిడ ముక్కు ఎలాంటిదంటే, టీ వాసన చూసి పాలిచ్చిన గేదె ఏ రంగుదో చెప్పేస్తుంది. ఆవిడ అసిస్టెంటు ఫల్గుణనడిగితే గేదె పేరు కూడా చెప్తుందంటాడు.

ఒకరోజు పొద్దున్నే అరకు నుంచి సోని అనే అమ్మాయి వణుక్కుంటూ మెట్లెక్కి వచ్చింది.

"అమ్మా, నన్ను ఉప్పు దొంగంటన్నారు. సాయంత్రానికి ఒప్పుకోకపోతే పోలీసులకి అప్పజెప్పేత్తానన్నాడు మా ఓనరు."

"ఎంత ఉప్పు?" అంది జయశ్రీ.

"మూటలకి మూటలు. నేను నీళ్ళలోనే పోసినానమ్మా. పోసింది పోసినట్టు మాయమైపోతంది."

సోని పనిచేసేది వరహాలరావు రిసార్టులో. అక్కడ వేడినీళ్ళ ఈతకొలను ఉంది. అందులో బ్లీచింగ్ పొడి వెయ్యరు. ఉప్పు కలుపుతారు, ఆ ఉప్పునీళ్ళ నుంచి ఒక మిషను క్లోరిన్ తయారుచేస్తుంది. కొలను తోమడం, చెప్పినప్పుడు ఉప్పు పొయ్యడం సోని పని. కొన్నాళ్ళుగా మిషను రోజూ ఒకటే మాట: ఉప్పు తక్కువ.

"సంతలో మా యమ్మ ఎండుచేపలు, ఉప్పు అమ్మతాదమ్మా. ఆ ఉప్పు కొలనుదేనని ఇప్పుడెవులూ కొనట్లేదు. మూట ఇప్పకండా ఇంటికి మోసుకొచ్చేత్తంది."

జయశ్రీ శాలువా కప్పుకుని లేచింది. ముగ్గురూ ఫల్గుణ బండి మీద అరకు ఘాట్ రోడ్డెక్కారు. ఆ రోజు చలి ఎంతంటే, ఫల్గుణ ఈ మలుపులో హారన్ కొడితే అది గడ్డకట్టి, పై మలుపులో ఎండ తగిలాక మోగింది.

కొలను చూస్తే పచ్చగా ఉంది. పచ్చికనుకుని ఒక దూడ మేతకొచ్చి, మూతి పెట్టి, మోసపోయినట్టు నిలబడింది. ఫల్గుణ నీళ్ళలో చెయ్యి ముంచి తీసి, వేళ్ళన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాడు. వేడినీళ్ళ కొలనని రాసిన బోర్డు మాత్రం వేడిగానే ఉంది, ఎండలో.

వరహాలరావు నెత్తి బాదుకుంటూ ఎదురొచ్చాడు. "విసిగిపోనాను మేడం గారూ. నీళ్ళు చల్లగా ఉన్నాయంటే హీటరోడు పంపోడిని అడగమంటాడు. పంపోడు ఉప్పు మిషనోడిని అడగమంటాడు. ఆడు నీళ్ళు చల్లగా ఉన్నాయి, హీటరోడిని అడగండంటాడు. ఎవుడి మిషను ఆడికి బంగారమే. మరి దొంగ ఈ సోని గుంట కాకపోతే ఎవులు?"

"నేను మాట్లాడతాను," అని జయశ్రీ ఫోనందుకుంది. ఆ ముగ్గురు మిషన్లవాళ్ళూ ఆవిణ్ణి కూడా ఒకరి మీదికొకరు తోశారు. మధ్యలో పాటలు వినిపించారు. మధ్యాహ్నమైపోయింది. ఫోన్ ఫల్గుణ ఒళ్ళో పడేసి, "ఈ ముగ్గురినీ ఒకే గదిలో పెట్టి తాళం వెయ్యాలి," అంది.

"వేసేద్దామా మేడం?" అన్నాడు ఫల్గుణ ఆశగా.

పంపు గదికి పెద్ద తాళం ఉంది. దాని చెవి వరహాలరావు మొలతాడుకి వేలాడుతోంది. పనివాళ్ళు ముట్టుకుంటే పాడైపోతాయని ఆ గది తలుపు ఆయనే తీస్తాడు, ఆయనే వేస్తాడు. లోపల పంపు, ఉప్పు మిషను, గోడకి గడియారంలా తిరిగే టైమరు ఉన్నాయి. హీటరు బయట గోడవార ఉంది. ఏదీ మోగడంలేదు.

"పంపు ఆగి ఉందేం?" అంది జయశ్రీ.

"పగలు మోగట్లేదని బాబుకి సెప్పినానమ్మా," అంది సోని.

"ఏటి సెప్పినావు? టైమరుంది కదా, అదే సూసుకుంటది," అన్నాడు వరహాలరావు. "పొద్దున్న మొదలై రాత్రి భోజనాల దాకా తిరగాలని కంపెనీవోడే పెట్టినాడు. అయినా రాత్రంతా మోగతానే ఉంది మేడం, పడుకుని నా చెవులతో విన్నాను."

జయశ్రీ వంటగదిలోకి వెళ్ళి ఒక గిన్నెలో కూర రుచి చూసింది. వంటమనిషి దుర్గాప్రసాద్ గరిటె పట్టుకుని ముందే చెప్పేశాడు. "నా కూరల్లో ఉప్పే ఉండదండి. గెస్టుల్నడగండి."

"తిన్నాను, తెలుసు. సాయంత్రం ధింసా ఆట ఎక్కడాడతారు?"

"కొలను పక్కనేనండి, రోజూ."

"పక్కన పంపు రొద పెడుతుంటే డప్పులు వినిపిస్తాయా?"

"అప్పుడు రొద ఉండదండి. గెస్టులు వీడియోలు తీసుకుంటారు కదా."

జయశ్రీ మళ్ళీ పంపు గదికెళ్ళి టైమరు ముల్లు చూసింది, బయట నెత్తిన మండుతున్న సూర్యుణ్ణి చూసింది. అందరినీ పిలవమంది.

గెస్టులు తువ్వాళ్ళతోనే వచ్చారు. దుర్గాప్రసాద్ గ్యాస్ పొయ్యి, మూకుడు తెచ్చాడు. జయశ్రీ కొలనులోంచి చెంబుడు నీళ్ళు ముంచి మూకుట్లో పోసి మరగబెట్టింది. నీళ్ళన్నీ ఇగిరిపోయి అడుగున తెల్లగా పొర కట్టింది. వరహాలరావు గోటితో గీకి నాలుక మీద పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"ఉప్పే," అన్నాడు.

"సోని పోసిందంతా నీళ్ళలోనే ఉంది. నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి మిషను ఉప్పు కొలుస్తుంది, చల్లటి నీళ్ళలో అది సరిగ్గా పారదు. అందుకని మిషను ఉప్పు తక్కువనుకుని పనిమానేసింది. క్లోరిన్ లేదు, పాచి పట్టింది."

"మరి నీళ్ళెందుకు చల్లబడ్డాయి?"

"మీ హీటరు గాలిలో వేడి తీసి నీళ్ళకిస్తుంది. పంపు తిరిగినప్పుడే పనిచేస్తుంది. పంపు రాత్రి తిరుగుతోంది. అరకు రాత్రి గాలిలో తీయడానికి వేడెక్కడుందండీ? ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. టైమరు ముల్లు చూడండి, దానికి ఇంకా తెల్లవారలేదు. కరెంటు పోతే అది ఆగిపోతుంది, వస్తే ఆగిన చోటి నుంచే నడుస్తుంది. రోజూ సాయంత్రం ఎవరో పంపు గది మెయిన్ స్విచ్ తీసేస్తున్నారు. రోజూ అది కాస్త వెనకబడి, ఇప్పుడు పగలుని రాత్రి చేసేసింది."

"ఎవుడాడు?" అన్నాడు వరహాలరావు.

"ఆ గది తాళం చెవి ఎవరి దగ్గరుంది?"

అందరి చూపులూ ఆయన మొలతాడు మీదికి పోయాయి. ఆయన చొక్కా కిందికి లాక్కున్నాడు.

"వీడియోల్లో మోటారు మోత వత్తందని గెస్టులన్నారని నేనే..." అని గొణిగాడు.

"స్విచ్ తీయండి, తప్పులేదు. ఆట అయ్యాక ముల్లు ముందుకి తిప్పండి. పంపు పగలు తిరగనివ్వండి."

వరహాలరావు సోని వైపు తిరిగాడు. "నువ్వు రేపట్నుంచి పన్లోకి వచ్చేయ్ సోనీ," అన్నాడు.

"వత్తాను బాబు," అంది సోని. "అంతకన్నా ముందు మీరు సంతకి రావాల. మా యమ్మ దుకాణం కాడ నిలబడి, మా గుంట దొంగ కాదని అందరికీ సెప్పాల. దొంగని గొంతెత్తి అన్నారు కదా, అంతే గొంతెత్తాల."

ఆయన జయశ్రీ వైపు చూశాడు. ఆవిడ నీళ్ళిగిరి ఉప్పు తేలిన మూకుడు వైపు చూసింది.

"వత్తాను," అన్నాడు చివరికి.

అప్పుడు వెనకనుంచి మంకీ క్యాపు పెట్టుకున్న గెస్టు ఒకాయన, తువ్వాలు బిగించుకుంటూ ముందుకొచ్చాడు.

"ఓనరు గారూ, మీ గడియారం ప్రకారం ఇంకా తెల్లవారలేదు కదండీ. అయితే ఫ్రీ టిఫిను టైము ఇంకా దాటిపోలేదన్నమాట. నాకు రెండు ప్లేట్ల ఇడ్లీ చెప్పండి."