మూత మీది రాయి

ఆ ఇంటి పెద్దకోడలు నోట్లో నాలుక లేని మనిషి. "దీని మాట వినబడాలంటే మన చెవి తీసుకెళ్ళి దీని నోట్లో పెట్టాలే!" అని చేపల షెడ్డులో తోటి ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేసి, తల వంచుకుని చేపలు ఏరుకునేది.

ఆ రోజు షెడ్డుకు సెలవు. పొద్దున్నే మరిది పడవ దిగి, గోతాం మోసుకొచ్చాడు. అతని కోపం చూసి అందరూ ఉరుము అని పిలిచేవాళ్ళు. గోతాంలో బతికున్న సముద్రపు పాము.

"సాయంత్రం దీనికోసం మనిషొస్తాడు వదినా. ప్రాణంతో ఉండాలి."

పాము మనిషంత పొడుగుంది. పసుపచ్చ ఒంటికి నల్లగాజులు వరసగా తొడిగినట్టు పట్టీలు. తలేమో వేలెడంత, వెనక్కి పోయేకొద్దీ లావు, చివర తెడ్డులా చదునైన తోక. ఏరు సముద్రంలో కలిసేచోట, బురద నీళ్ళలో తిరుగుతూ రొయ్యల వలకు తగులుకుంటాయివి. కరిస్తే ముల్లు గుచ్చుకున్నంతే, పూట తిరక్కుండా ఒళ్ళు కొయ్యబారిపోతుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తోంది కాబట్టి ఆమెకు ఇంకో సంగతీ తెలుసు. అది చేప కాదు. మధ్యమధ్య పైకొచ్చి గాలి పీల్చుకోవాలి.

ఉరుము పామును స్నానాలగదిలోని పెద్ద నీలం డ్రమ్ములో వేసి, అంచు దాకా నీళ్ళు నింపి, మూత బిగించి తాడు కట్టాడు. పైన రాయి పెట్టాడు.

"మరిదీ, అది..."

"చేపలేరుకునేదానివి, నాకు సముద్రం నేర్పుతావా? ముడి ముట్టుకున్నావో, చెయ్యి విరిచేస్తా."

అతను గదిలోకెళ్ళి పడుకున్నాడు.

కాసేపటికి మొదలైంది. టప్... టప్... లోపలినుంచి మూతను తలతో పొడుస్తోంది. ఆమె రెండుసార్లు ముడి దాకా చెయ్యి చాపి, రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. మధ్యాహ్నానికి చప్పుడు ఆగిపోయింది.

నిద్రలేచి మూత తీసిన ఉరుముకు చచ్చిన పాము కనబడింది. దాన్ని తోకపట్టి బట్టలుతికే బండకేసి బాదాడు. తల పగిలింది. కత్తితో తెగనరికాడు. గోడంతా నెత్తురు. ముక్కల్ని పెరట్లోకి విసిరి, వదిన జుట్టు పట్టుకున్నాడు.

"నీకు తెలుసు కదూ! తెలిసి చెప్పలేదు కదూ!"

ఆమె తల డ్రమ్ములో ముంచాడు. చెవుల్లో హోరు... రొమ్ములో మంట... వదిలేసేసరికి ఆమె దగ్గుకుంటూ వంటింట్లోకి పాక్కుంటూ పోయి, తలుపేసుకుంది.

బయట అతను నెత్తురు కడుక్కుంటున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

టప్.

టప్... టప్...

ఆమె మెల్లగా వెళ్ళి చూసింది. డ్రమ్ముకు మూత ఉంది. అదే తాడు, అదే ముడి. పైన రాయి. లోపలినుంచి గట్టిగా గుద్దుతున్నారు. రాయి ఎగిరెగిరి పడుతోంది. ఆమె వేళ్ళు ముడి మీద పడ్డాయి.

"వదినా... ముట్టుకోకు."

మరిది గొంతే. వెనక, పెరట్లోంచి.

"పాము చావలేదు. ముట్టుకోకు."

తిరిగి చూసే ధైర్యం ఎక్కడిది? చెయ్యి తీసేసింది. గుద్దులు జోరందుకున్నాయి... నెమ్మదించాయి... గోళ్ళతో గీకినట్టు ఒకసారి... అంతే.

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె అక్కడే నిలబడి ఉంది. అతను తాడు కోసి, మూత తీశాడు. నీళ్ళలో తమ్ముడు. వేలికణుపులు చితికి తెల్లటి ఎముక కనబడుతోంది. ఊడిన రెండు గోళ్ళు మూతకు అతుక్కుని ఉన్నాయి.

"ఇక్కడే ఉండి ఎందుకు తియ్యలేదే!" అంటూ భర్త ఆమె భుజాలు పట్టి ఊపేశాడు. "చెప్పు! నోరు తెరిచి చెప్పవే!"

చెప్పాలి. ఈసారైనా చెప్పాలి. ఆమె నోరు తెరిచింది.

"వదినా..." అంది వెనక ఆ గొంతు. "చెప్పకు."

భర్త చేతులు ఆమె భుజాల మీద బిగుసుకుపోయాయి. అతని చూపు ఆమెను దాటి, కిందికి, నేలకు దిగింది.

తడి గచ్చు మీద తెడ్డుతో కొట్టినట్టు ఒక చప్పుడు. ఇంకొంచెం దగ్గరగా, ఇంకొకటి.