లిస్టులో పెద్ద తాతయ్య

"ఒకసారి సరిచూసుకున్నావా?" అమ్మ రెండోసారి అడిగింది. ఆమె చేతులకి మోచేతుల దాకా పిండి.

"కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా," అంది ఎల్నురా, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

ఆ మధ్యాహ్నం కొచ్కోర్ అనే ఊళ్ళోని వాళ్ళింట్లో, తాతయ్యతో కలిపి ఏడుగురు పెద్దలు భోజనానికి కూర్చున్నారు. గొర్రెను కోసినప్పుడు ఎవరి ఎముక వాళ్ళకే వెళ్ళాలి. అందరికన్నా పెద్దవారికి తుంటి ఎముక, తర్వాతివారికి తొడ ఎముక, అలా వయసు వరుసన. వరుస తప్పితే మర్యాద తప్పినట్టే. ఎప్పుడూ ఈ వరుసతో అమ్మ తల బద్దలుకొట్టుకునేది. బడిలో పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్న ఎల్నురా ఈసారి ఆ పని తన మీద వేసుకుంది. పెద్దల పేర్లు ఒక లిస్టు, ఎముకలు ఇంకో లిస్టు. అంకె నొక్కితే పేరూ, దాని పక్కన ఎముకా వస్తాయి. నిన్న మూడు నొక్కి చూసింది. వచ్చాయి. ఇంకేం కావాలి?

వచ్చినవాళ్ళలో అందరికన్నా పెద్దవారు తాతయ్య అన్నగారు మామిర్‌కుల్. గడ్డిబీడు దగ్గర తమ్ముడితో మాటా మాటా పెరిగి, ఆయన రెండేళ్ళుగా ఈ గడప తొక్కలేదు. తాతయ్య స్వయంగా వెళ్ళి బతిమాలితే ఇవాళ వచ్చారు.

వంటింట్లో ఎల్నురా ఒకటి నొక్కింది. "తాతయ్యకి, తొడ ఎముక."

పళ్ళెం పట్టుకున్న అన్నయ్య ఆదిలెట్ ఆగాడు. "ముందు తాతయ్యకా?"

"స్క్రీన్ మీద అదే ఉంది. పట్టుకెళ్ళు."

రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. పళ్ళేలు చకచకా వెళ్ళాయి. ఏడు నొక్కగానే స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆ అంకె దగ్గర లిస్టులో ఎవరూ లేరట.

ఎల్నురా మాంసం ఉడికిన బానలోకి చూసింది. తుంటి ఎముక అందులోనే ఉంది. పైథాన్ లిస్టులో లెక్క ఒకటితో కాదు, సున్నాతో మొదలవుతుందని టీచర్ ఎన్నిసార్లు చెప్పారో. సున్నా దగ్గరున్న మనిషిని తను పిలవనే లేదు.

ఆమె గుమ్మంలోంచి గదిలోకి చూసింది. తాతయ్య తన పళ్ళేన్ని అన్నగారి వైపు జరుపుతున్నాడు.

"నీ వాటా నువ్వు తినరా," అన్నారు మామిర్‌కుల్ నెమ్మదిగా. "ఈ ఇంట్లో నేనెక్కడున్నానో తెలిసింది." చెయ్యి నేలకి ఆనించి లేవబోయారు.

"కంప్యూటర్ పాడైందని చెప్పెయ్," ఆదిలెట్ గుసగుసగా అన్నాడు. "ఎవరికి తెలుస్తుంది?"

నిజమే, ఎవరికీ తెలియదు. కానీ ఎల్నురా తుంటి ఎముకను పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళి, ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"తప్పు నాది, పెద్ద తాతయ్యా. మీ పేరే మొట్టమొదట రాశాను. పిలిచేటప్పుడు మాత్రం రెండో పేరు నుంచి పిలిచాను. సరిచూసుకోమని అమ్మ చెప్పింది, అన్నయ్య కూడా అడిగాడు. నేనే వినలేదు. తాతయ్యకి ఇదేమీ తెలియదు."

మామిర్‌కుల్ ఆమె వైపు వంగారు. "మొట్టమొదట రాశావా? ఏదీ, చూపించు."

ఎల్నురా లాప్‌టాప్ తెచ్చింది. ఆయన కళ్ళు చికిలించి, వేలు పెట్టి చదువుకున్నారు.

"ఉన్నాన్రా," అన్నారు తమ్ముడితో. "నీకన్నా పైనే ఉన్నాను."

"నువ్వెప్పుడూ అక్కడే ఉన్నావన్నయ్యా," అన్నాడు తాతయ్య.

మామిర్‌కుల్ సర్దుకుని కూర్చున్నారు. కత్తితో మాంసం ముక్క కోసి, తన చేత్తోనే ఎల్నురా నోట్లో పెట్టారు.

ఇక మాంసం రసం వడ్డించాలి. ఎల్నురా వంటింట్లోకి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఈసారి వెంటనే గిన్నె ఎత్తమనలేదు.

"అన్నయ్యా, గుమ్మం దగ్గర నిలబడు. నేను పేర్లు చదువుతాను, నువ్వు మనుషుల్ని చూసి చెప్పు. తేడా ఉంటే ఆపెయ్."

"ఆపితే నా మీద అరవవు కదా?"

"అరవను. సున్నా. పెద్ద తాతయ్య."

ఆదిలెట్ గదిలోకి తొంగిచూశాడు.

"కూర్చునే ఉన్నారు," అన్నాడు. "తింటున్నారు."